ఎదురింటి గ్రిల్లు

"మీవాడు మా పిల్లకు కన్ను కొడుతుండు!"

ఆనందం చెప్పులు బయటే విప్పాడు గానీ కోపాన్ని మాత్రం నేరుగా ఎదురింటి అమ్మాజీ హాల్లోకి తెచ్చేశాడు. ఆయనది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల షాపు. చీరలో ఒక్క పోగు తేడాగా కనిపించినా వెనక్కి పంపించేస్తాడు. కూతురికి వచ్చే సంబంధాలనూ అలాగే పంపించేస్తున్నాడు. మొన్ననే ఓ ఇంజనీరుని, కళ్లజోడు మందంగా ఉందని వద్దన్నాడు.

అమ్మాజీ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "మావాడా? వాడు తలెత్తి ఎవర్నీ చూడడండీ అన్నయ్యగారూ!"

"తలెత్తుతలేడు గనీ కన్ను కొడుతుండు. రోజు పొద్దుగాల బాల్కనీల నిలవడుడు, మా దిక్కు చూసుడు, ఒక కన్ను మూసుడు! మా వాసంతి చెప్తే నేను నమ్మలే. నిన్న నేనే పోయి నిలవడ్డ."

"నిలబడితే?"

"నాకు గూడ కొట్టిండు!"

అమ్మాజీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ అపార్ట్‌మెంట్ల అసోసియేషన్‌కి ఆనందమే ప్రెసిడెంటు. ఆయన తలుచుకుంటే ఈ నెలలోనే ఇల్లు ఖాళీ చేయాలి. పైగా కొడుకు ఉపేంద్ర కోచింగ్ సెంటర్లో లెక్కల లెక్చరర్. సగం క్లాసు ఆడపిల్లలే. ఈ మాట అక్కడిదాకా పాకితే ఉద్యోగం కూడా ఉండదు.

లోపలి గదిలోంచి ఉపేంద్ర వచ్చాడు. "కన్ను మూసింది నిజమే అంకుల్."

"చూసినవా అక్కా, ఒప్పుకుంటుండు!"

"నాకు కంట్లో జబ్బుంది. వెనక పొరకి వాపొచ్చింది. ఆ వాపు వల్ల అక్కడ ఉండకూడని సన్నటి రక్తనాళాలు మొలిచాయి. అవి కారితే చూపు మధ్యలో మచ్చ పడిపోతుంది. ఇంజెక్షన్లు చేశారు, కంట్లోనే."

"కంట్లనా?" ఆనందం చేయి తనకు తెలియకుండానే తన కంటి మీదికి వెళ్లింది. సగం కోపం అక్కడే దిగిపోయింది.

అమ్మాజీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కసారైనా నన్ను రానివ్వలేదండీ వీడు. చూసి తట్టుకోలేవమ్మా అని ఇంట్లోనే వదిలేసి పోయేవాడు."

"ఇప్పుడు ఆ నాళాలు ఎండిపోయాయి అంకుల్. కానీ మళ్లీ రావచ్చు. అందుకని రోజూ ఒక్కో కన్నూ మూసి, తిన్నని గీతల్ని చూసుకోమన్నారు. గీత వంకరగా కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి పరిగెత్తాలి. మీ బాల్కనీకి గళ్ల గ్రిల్లుంది చూశారూ..."

"నా గ్రిల్లా?"

"ఈ చుట్టుపక్కల అంత తిన్నగా ఉన్న గ్రిల్లు ఇంకోటి లేదు."

వెల్డింగ్ మనిషి తలమీద కూర్చుని మరీ చేయించిన గ్రిల్లు అది. ఇంత కాలానికి దాన్ని మెచ్చుకున్న మనిషి దొరికాడు. ఆనందం మీసం కింద నవ్వు దాచుకున్నాడు. అయినా వ్యాపారస్తుడు, బట్ట పట్టి చూడందే బేరం నమ్మడు.

"ఏ దవాఖాన? నడువు, నేను గూడ ఒస్తా."

ఎల్బీనగర్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ వేదవతి ముందు ఆనందం దర్జాగా కూర్చున్నాడు. అంకుల్ ఏది అడిగినా చెప్పమన్నాడు ఉపేంద్ర.

"అమ్మా, గీ పిలగాని చూపు ఎన్నొద్దులు నిలుస్తది?" చీర రంగు గురించి అడిగినట్టే అడిగాడు ఆనందం.

డాక్టర్ నవ్వింది. "వాపు అదుపులో ఉంటే చాలామందికి ఏళ్ల తరబడి నిలుస్తుందండీ. ఇతనికి ఇంజెక్షన్లు ఆపి నాలుగేళ్లయింది. మళ్లీ నాళాలు మొలిస్తే వెంటనే పట్టుకోవాలి, అంతే. మాత్రలూ గీతలూ మానకూడదు. ఇతను మానలేదు."

"పిల్లలకు ఒస్తదా?"

"ఇతనికున్న రకం అలా వచ్చేది కాదండీ."

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అప్పటికి ఆనందానికే తెలియదు. ఉపేంద్ర మాత్రం ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

ఆ మర్నాటి నుంచి గ్రిల్లు మీద బట్టలు ఆరేయడం నిషేధం. రోజూ ఆనందమే దాన్ని గుడ్డతో తుడిచేవాడు. షాపులో గళ్ల చీర పరిచి, ఒక కన్ను మూసి తన చూపు కూడా పరీక్షించుకునేవాడు. కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అది చూసి చీర అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. అమ్మాజీవాళ్లది చీరాల అనీ, వాళ్లదీ మగ్గాల ఇల్లేననీ తెలిశాక ఆయనకిక నిద్ర పట్టలేదు.

ఆదివారం కూతుర్ని పిలిచాడు. "ఎదురింటి పిలగాడు ఎట్లున్నడు బిడ్డా?"

వాసంతి మొహం చిట్లించింది. "కన్ను బాగలేనోడా? కళ్లజోడోణ్నే ఒద్దంటివి గద నాయినా."

"నీకేం ఎరుక! నాలుగేండ్లయింది సూది ఆపి. వాపు రాకుంటే చూపు నిలుస్తది. నేను సొంతంగ డాక్టరమ్మను అడిగిన!"

"మళ్ల ఒస్తే?"

"ఒస్తే పట్టుకుంటం! మనకు గ్రిల్లున్నది గద!"

"కంట్ల సూదంటే నాకు భయం."

"పొడిచేది నీకా? నువ్వు బయట కూసోని ధైర్యం చెప్పాలె, గంతే."

"నాతోని కాదు నాయినా."

"నేర్చుకో!" ఆనందం గొంతు పెంచాడు. "గసుంటి పద్ధతిగల్ల పిలగాడు దొరుకుడు కష్టం. పాపం, ఊకెనే అనుమానపడ్డ. నా మాట ఇను."

వాసంతి తండ్రి కోసమే ఒప్పుకుంటున్నట్టు పెద్ద నిట్టూర్పు విడిచింది.

"సరే. నీ ఇష్టం."

ఆనందం మిఠాయి తేవడానికి చెప్పులు కూడా మరిచిపోయి మెట్లు దిగాడు.

నాలుగేళ్ల కిందటి దాకా, ఉపేంద్రకి కంట్లో సూది వేసిన ప్రతిసారీ బయట బెంచీ మీద కూర్చున్నది వాసంతే.