గీత మీద క్లిప్పు

“గీత దాటావంటే మర్యాదగా ఉండదు,” అన్నాడు అన్న, కారు కింద వెల్లకిలా పడుకునే.

“నీ మర్యాద నీ దగ్గరే పెట్టుకో. ముందు ఆ మోచెయ్యి తియ్యి, నా వైపుకొచ్చింది,” అన్నాడు తమ్ముడు, అదే కారు కింద నుంచి.

గీతంటే నిజంగా గీతే. షెడ్డు నేల మీద అన్న సుద్దముక్కతో గీశాడు. పెట్రోలు ట్యాంకున్న వెనక సగం అన్నది, ఇంజనున్న ముందు సగం తమ్ముడిది. పోయిన తండ్రి వదిలి వెళ్ళిన పాతకాలపు స్పోర్ట్స్ కారది. ఇల్లూ స్థలమూ అమ్మతో కలిపి మూడు వాటాలయ్యాయి. కొడుకులిద్దరికీ కలిపి రాసిన కారును మాత్రం రంపం పెట్టి కొయ్యడం కుదరలేదు.

పెట్రోలు పైపులు మార్చనిదే దాన్ని స్టార్టు చెయ్యకూడదు. రబ్బరంతా ఎండి బీటలు వారింది. అన్న తెచ్చిన మెకానిక్ తమ్ముడి కంటికి దొంగలా కనిపించాడు. తమ్ముడు తెచ్చిన మెకానిక్‌ను అన్న గేటు దగ్గరే తిప్పి పంపేశాడు. ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం. చివరికి అమ్మ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, “ఇద్దరూ కలిసి బాగుచెయ్యండి, అప్పుడే ఇస్తాను,” అంది. ఒక్కపూట ఒకే కారు కింద పడుకుంటే ఒక్క మాటైనా మంచిగా మాట్లాడుకోకపోతారా అని ఆవిడ ఆశ. వెర్రి ఆశ.

“ఒరేయ్, ఆ లైటు కాస్త ఇటు తిప్పరా.”

“లైటు నాది. నువ్వూ ఒకటి తెచ్చుకోవాల్సింది.”

“నాన్నుంటే నీ చెంప పగిలేది.”

“నాన్నుంటే ఈ గీత ఉండేదే కాదు.”

అన్న మళ్ళీ పైపు తొడగడంలో పడిపోయాడు.

ఎవరి సగం వాళ్ళు బాగానే చేశారు. పాత పైపులు పీకారు, కొత్తవి బిగించారు. మిగిలింది సరిగ్గా గీత మీదకొచ్చిన అతుకు. తమ్ముడు వేసిన ఇనుప పైపు మీదికి అన్న వేసిన రబ్బరు పైపు ఎక్కాలి. ఎక్కింది. దాని చుట్టూ ఒక క్లిప్పు వేసి స్క్రూ బిగించాలి. రబ్బరు వాడిదే కదా, వాడే బిగిస్తాడులే అనుకున్నాడు తమ్ముడు. ఇనుప పైపు వాడిది, వాడే చూసుకుంటాడులే అనుకున్నాడు అన్న. ఒకరినొకరు అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. చెరోవైపు నుంచీ బయటికి వచ్చి, ఒంటికంటిన దుమ్ము దులుపుకుని చేతులు కడుక్కున్నారు.

“తాళం నాకియ్యమ్మా, పెద్దవాణ్ణి.”

“నేను బతికుండగా నాన్న సీట్లో నువ్వు కూర్చోవు.”

“మీ గొడవ తగలెయ్య! మీ ఇద్దరూ వద్దు, నేనే తిప్పుతాను,” అని అమ్మ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆ చప్పుడుకి ముగ్గురి మొహాలూ విచ్చుకున్నాయి. అంతలోనే పెట్రోలు వాసన ముక్కులు బద్దలు కొట్టింది. కారు కింద భగ్గుమంది.

“అమ్మని లాగరా!” అని అరిచాడు అన్న, నాలుగడుగులు వెనక్కి వేసి.

“నువ్వే లాగు, డోరు నీ వైపుంది!” అని అరిచాడు తమ్ముడు, గోడకు అంటుకుపోయి.

పక్కింటాయన గోడ దూకి వచ్చి డోరు పీకి ఆవిణ్ణి బయటికి లాగాడు. మంటల మీద ఇసుక పోసిందీ ఆయనే. కారు దక్కలేదు. అమ్మ దక్కింది, కుడి చెయ్యి మణికట్టు దాకా కాలి.

ఆయన డాక్టరు కోసం పరిగెత్తాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని, చెయ్యి నీళ్ళ బకెట్లో ముంచుకుంది. కొడుకులు ఆ పక్కన ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు.

“క్లిప్పు నీదిరా!”

“గీత మీదున్నది నాదెట్లా అవుతుంది?”

తిలా పాపం తలా పిడికెడంటారు. ఇక్కడ ఆ పిడికెడు కూడా పుచ్చుకునేవాడు లేడు. తమ్ముడు వంగి నేల మీది స్పానర్ అందుకున్నాడు. అన్న చేతికి ఇనుపరాడ్డు దొరికింది. అమ్మకు మంట మరిచిపోయేంత భయం వేసింది.

“ఆగండి! వాడూ కాదు, నువ్వూ కాదు. ఆ క్లిప్పు వదులు చేసింది నేను. మీరు చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి తిప్పేశాను. పాడు కారు పోతే మీ పంతాలూ పోతాయనుకున్నాను.”

స్క్రూ ఎటు తిప్పితే వదులవుతుందో ఆవిడకు తెలియదు. జన్మలో ఏనాడూ కారు కిందికి వంగి చూసిన మనిషి కాదు. వదులు చేసినావిడే అందులో ఎందుకు కూర్చుంటుందని కొడుకులిద్దరిలో ఒక్కడూ అడగలేదు. స్పానర్ కింద పడింది. రాడ్డు కింద పడింది. అన్న తమ్ముడి కాలరు వదిలేసి, నలిగిన చొక్కాను అదే చేత్తో సర్దాడు.

“దెబ్బేమైనా తగిలిందారా?”

“లేదన్నయ్యా. నీకు?”

చేతి మంటతోనే అమ్మ నవ్వింది. పోనీలే, ఇన్నాళ్ళకు అన్నయ్యా అన్నాడు అనుకుంది. ఇద్దరూ కలిసి వచ్చి, మెట్ల మీద ఆవిడకు చెరోపక్కన కూర్చున్నారు.

“అయితే అమ్మా,” అని అన్న మొదలుపెట్టి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తలూపి మాట పూర్తిచేశాడు: “ఈ కారు నష్టం నీ వాటాలోంచే తీసుకోవాలి మరి.”