గూటికి చిల్లు

గిజిగాడికి ఒక గూడు పూర్తికాకముందే మరొకటి మొదలుపెట్టే అలవాటు. వాడు అల్లి ఇచ్చిన గూటిలో పిచ్చుక గుడ్లు పెట్టింది. ఆ గూటికి వెనుక చిల్లు ఉంది.

"గిజిగాడు బావా, వెనుక వైపు చిల్లు వదిలేశావు. వచ్చి పూడ్చు!" అని పిచ్చుక అరిచింది.

"గడ్డిపోచలు తెచ్చి నీ గుమ్మంలోనే పెట్టాను కదమ్మా. దూర్చుకోవడానికి నీకు ముక్కు లేదా?" అన్నాడు గిజిగాడు, కొత్త గూడు అల్లుతూనే.

"అల్లింది నువ్వు. నేనెందుకు పూడ్చాలి?"

"కాపురం నీది. నేనెందుకు రావాలి?"

ఆ అరుపులకు చిల్లు సంగతి కింద పొదలో ఉన్న పాముకు తెలిసింది. పిచ్చుక తీర్పు కోసం కాకిని పిలవడానికి వెళ్లగానే, పాము ఆ చిల్లులోంచి దూరి గుడ్లు మింగేసింది.

కాకి వచ్చి ఇద్దరి మాటలూ విని, తప్పు చెరిసగమని తేల్చింది. గుడ్లు మాత్రం అన్నీ పోయాయి.