గుండుగాడి పాలపళ్లు

వియ్యంకుడి చెప్పు ఒకటి వాకిట్లో ఉంది. రెండోది గుండుగాడి నోట్లో ఉంది.

దొరైస్వామి కూతురు మధుమిత మామగారు, తమిళ ఊరు తుడియలూరులోని వాళ్లింటికి తొలిసారి భోజనానికి వచ్చి, చివరికి దొరైస్వామి బాత్రూం స్లిప్పర్లు వేసుకుని కారెక్కాడు.

కారు కదలగానే దొరైస్వామి తీర్పు చెప్పేశాడు. పంపుసెట్ల స్పేర్ పార్టుల దుకాణం అతనిది. మిక్సీ వైరు పోయినా, మంచం కోడు పోయినా ఓర్చుకున్నాడు గానీ, ఇప్పుడు మర్యాదే పోయింది. తెలిసిన రాఘవేంద్రన్‌కు అప్పటికప్పుడే ఫోన్ చేసి, ఆదివారం పళని నుంచి ఎవరో వచ్చి కుక్కపిల్ల గుండుగాడిని తీసుకుపోయేలా ఖాయం చేశాడు.

అతని భార్య రాజామణి అప్పటికే చేయని ప్రయత్నం లేదు. మంచం కోళ్లకు వేపనూనె రాస్తే గుండుగాడు కమ్మగా నాకాడు. చీపురుతో బెదిరిస్తే ఆ చీపురునే కొరికాడు.

శుక్రవారం పొద్దున వాణ్ణి ఒళ్లో వేసుకుని వాకిట్లో కూర్చుంది.

"నీకు ఎట్ల చెప్పేదిరా నా కన్నా? ఆదివారము నిన్ను ఎత్తుకొని పోతారు. నువ్వు పోతే ఈ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడేది?"

ఏడుస్తూనే తలెత్తింది. గేటు దగ్గర ఎవరో ఒకామె. నెరిసిన జుట్టు, చేతిలో వైరుబుట్ట, బుట్టలో మడత పెట్టిన పాత తువ్వాలు.

రాజామణి గబగబా కళ్లు తుడుచుకుని, ఎవరు కావాలని తమిళంలో అడిగింది.

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. గుండుగాడి వంక చూసి, తాగడానికి నీళ్లు కావాలంది. అదీ తమిళంలోనే.

రాజామణి గేటు తీయకుండానే చెంబు అందించింది. ఆ వీధిలో తెలుగువాళ్లందరికీ ఒక ధీమా ఉంది. ఇంటి మాట బయటివాళ్లకు అర్థం కాదని, ఎవరి ముందైనా ఏమైనా అనేస్తారు. ఆ ధీమాతోనే, వచ్చినామె నీళ్లు తాగుతుండగా రాజామణి గుండుగాడిని తెలుగులో హెచ్చరించింది.

"జాగ్రత్తరా. పాతబట్టలకు ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చేదాని మాదిరి ఉండాది. నిన్నూ బుట్టలో వేసుకొని పోతాదేమో."

ఆమెకు పొలమారింది.

ఇంతలో గుండుగాడు గేటు ఊచల్లోంచి ఆమె కొంగు అందుకున్నాడు. కొట్టబోయిన రాజామణిని ఆమె వారించింది. లాగితే వాడికి అది ఆట అవుతుందంది. బుట్టలోని తువ్వాలు తీసి ముడులు వేసి, చెంబులో మిగిలిన నీళ్లతో తడిపి వాడి మూతి ముందు ఆడించింది. వాడు కొంగు వదిలి ముడిని పట్టుకున్నాడు.

అప్పుడు ఊచల్లోంచే వాడి పెదవి పైకెత్తి చూపించింది. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి, చిగుళ్లు సలుపుతుంటే ఏదో ఒకటి కొరక్కుండా ఎలా ఉంటాడు? కొరకొద్దంటే వినడు, కొరికేది మనమే ఇవ్వాలి. తడిగుడ్డ ముడి ఫ్రిజ్‌లో పెట్టి ఇమ్మంది. చెప్పులూ వైర్లూ వాడికి అందకుండా పెట్టమంది. రెండు పూటలా వీధిలో బాగా నడిపించమంది. బాలింతకు చెప్పే పుట్టింటి మనిషిలా అన్నీ ఓపిగ్గా చెప్పింది.

వెళ్లే ముందు వాడి చెవుల వెనక చాలాసేపు నిమిరింది. తువ్వాలు వాడికే వదిలేసి, బుట్ట ఊపుకుంటూ బస్టాపు వైపు వెళ్లిపోయింది. పేరు అడగాలని రాజామణికి తోచనే లేదు.

ఆదివారమంతా గేటు చప్పుడైనప్పుడల్లా రాజామణి గుండుగాడిని కొంగు చాటున దాచుకుంది. ఎవరూ రాలేదు. తర్వాతా రాలేదు. గుండుగాడు చల్లని ముడిగుడ్డ నములుకుంటూ సోఫా కింద పడి ఉంటే దొరైస్వామి కూడా ఆ ఊసెత్తడం మానేశాడు. పైగా తన పాత పంచె తానే చించి, ముడులు వేసి పెట్టాడు.

రాజామణికి ఆమెను మళ్లీ చూడాలని ఉంది. ఈసారి లోపలికి పిలిచి కాఫీ ఇవ్వాలి. ఆ మహాతల్లికి గేటవతలే నీళ్లు పోసి పంపానే అని మనసు పీకుతోంది.

ఒక మధ్యాహ్నం దొరైస్వామి భోజనానికి వచ్చి, విస్తరి ముందు కూర్చోకుండా నిలబడిపోయాడు. దుకాణంలో రాఘవేంద్రన్ కలిశాడట.

"ఆ పళని కాంతమ్మాళ్ ఇంకా సరిగా తినేది లేదంట. పెంచుకున్న కుక్క చచ్చిపోయింది, పావం. అందుకే రాఘవేంద్రన్ మన గుండును ఆమెకు ఇప్పించాలని చూసినాడు."

"అట్లయితే ఆమె ఎందుకు రాలేదు?" అంది రాజామణి.

"ఆదివారము దాకా ఆగలేక శుక్రవారమే వచ్చింది, రాజామణీ. నువ్వు గుండుతో చెప్పుకొని ఏడ్చిందంతా గేటు దగ్గర నిలబడి వినింది, ఆమె కూడా మన తెలుగామెనే."