వాట్లమ్మ

"వచ్చింది మా వాట్లమ్మ," అన్నాడు కంప్యూటర్ విడిభాగాలమ్మే షాపు అన్న. ఏ బోర్డు చూపించినా ముందు ఎన్ని వాట్లు లాగుతుందని అడుగుతుందని ఆమెకి ఆ పేరు పెట్టాడు. "మళ్లీ ఏమైంది తల్లీ?"

ఆమె మదర్‌బోర్డును బల్ల మీద పెట్టింది. "దీని నెట్‌వర్క్ చిప్‌కి లైనక్స్‌లో డ్రైవర్ లేదన్నా. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"పోయినసారిది బాగానే పలికిందిగా?"

"పలికింది. కానీ కరెంటు తెగ తాగేస్తోంది."

"బోర్డుతో ఉపవాసాలు చేయిస్తావా ఏంటి?"

ఆమెకి నవ్వు రాలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఇన్వర్టర్. దాని మీద నడిచేవి రెండు. ఒకటి, నాలుగు దుకాణాల బిల్లింగ్ నడిపే ఆమె సర్వర్; ఈ బోర్డుల వెతుకులాట దానికోసమే. రెండోది, నాన్న ఆక్సిజన్ మిషన్. పోయినసారి కరెంటు పోయినప్పుడు, తిరిగి వచ్చేలోపే ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయింది. నాన్న పెదాలు నీలంగా మారుతుంటే, అట్టముక్కతో విసరడం తప్ప ఆమెకేం చేతకాలేదు.

సర్వర్ కట్టేస్తానంటే ఆయనే ఒప్పుకోడు. "అది ఆగితే దుకాణాలోళ్లు నిన్ను మానిపిస్తారు. అప్పుడు ఇద్దరం గాలే తినాలి. అదీ నాకు సరిగ్గా అందదు," అంటాడు.

అన్న అటక మీంచి ఇంకో బోర్డు దించాడు. చిన్నది, ఫ్యాన్ కూడా లేదు. ఇంటికెళ్లి లైనక్స్ ఎక్కిస్తే బుద్ధిగా అన్నీ పలికాయి.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది.

"నువ్వు పని చూసుకోవే. నేను కాసేపు పడుకుంటా. ఆ తలుపు దగ్గరికి వెయ్యి," అన్నాడు నాన్న.

ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. అవతల దుకాణాయన రసీదు రావట్లేదని ఒకటే గోల. మధ్యలో లేచెళ్లి నాన్నని చూద్దామంటే వదిలితేగా. ఆయనకి సమాధానం చెబుతూనే స్క్రీన్ మీద బ్యాటరీ గీత వంక చూస్తూ కూర్చుంది.

గీత దిగడమే మర్చిపోయినట్టుంది. కరెంటు వచ్చేసరికి ఇంకా సగానికి పైగా మిగిలింది. తను వేసిన లెక్కకి అంత రాకూడదు. లైనక్స్ మహిమ అనుకుంది.

హెడ్‌ఫోన్లు తీసింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాన్ లేని బోర్డు మరి.

నాన్న గదిలోకి పరిగెత్తింది. "బోర్డు గెలిచింది నాన్నా. ఇక కరెంటు పోయినా నీకేం భయం లేదు."

నాన్న నవ్వాడు. నుదుటి మీద చెమట.

జారిన దుప్పటి సర్దబోయింది.

దాని కింద, ఆయన గుప్పిట్లో, ఆక్సిజన్ మిషన్ ప్లగ్గు ఉంది.