సాపు నేల

ఆదివారం మధ్యాహ్నం కనుకయ్య భార్య కళను భివండీ పక్కన కాల్హేర్‌లో తను పనిచేసే గోదాముకు తీసుకొచ్చాడు. కామత్‌ఘర్ నుంచి షేర్ ఆటోలో వచ్చినంతసేపూ కళ ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. ఆటో ఆగాక కూడా వదల్లేదు. అతనే వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించి దింపాడు.

ఏడు నెలలుగా ఆమె కాళ్ల కింద నేల నిలకడగా లేదు. కొత్తగా అద్దెకు తీసుకున్న ఒంటిగది ఖోలీలో గోడ పట్టుకుని నడుస్తుంది. చాప మీద వాలితే జారిపోతున్నానని లేచి కూర్చుంటుంది. చెవుల డాక్టరు చెవుల్లో లోపమేమీ లేదన్నాడు. తలకు ఫోటో తీశారు. అందులోనూ ఏమీ లేదు. నిద్ర లేక మనిషి సగమైంది. ఈ వారం కూడా ఇట్లాగే ఉంటే ఠాణేలో పెద్దాసుపత్రిలో చేర్చి, సూదులిచ్చి పడుకోబెట్టాల్సిందేనని చివరి డాక్టరు తేల్చేశాడు. కళ విని సరే అంది. ఈ మధ్య ఆమె అన్నిటికీ సరే అంటోంది.

ఆ గోదాములో భూషణ్ సేఠ్ కారవాన్లు తయారు చేయిస్తాడు. లోపలే మంచం, పొయ్యి, స్నానాల గది ఉండే పెద్ద బండ్లు. ఇరవై ఏళ్లు కరెంటు సాంచాల మీద బట్ట నేసిన కనుకయ్య నాలుగు నెలల కిందటే ఇక్కడ చేరాడు. ఎంత ఎగుడుదిగుడులో నిలిపినా ఒరగకుండా తనను తాను సాపు చేసుకునే బండి ఒకటుందని టీ కొట్టు దగ్గర ఎవరో చెబితే, వెతుక్కుంటూ వచ్చి పని అడిగాడు.

అట్లాంటి ఒక బండి తాళంచెవి ఇమ్మంటే, ఎందుకని సేఠ్ అడగలేదు. సోమవారం పొద్దున్నే గిరాకీ వచ్చి బండి తీసుకుపోతాడని మాత్రం గుర్తు చేశాడు.

బండి గోదాము వెనక ఎగుడుదిగుడు మట్టి నేల మీద ఉంది. కళను లోపల మంచం మీద కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేక్ సరిచూసి, కనుకయ్య బటన్ నొక్కాడు. అడుగున మోటారు మూలిగింది. బండి మెల్లగా కదిలింది. కళ మంచం అంచు పట్టుకుంది.

భయం లేదని, బండికి నాలుగు ఇనుప కాళ్లు ఉన్నాయని చెప్పాడు. బండి ఏ పక్కకు ఒరిగిందో లోపల ఒక చిన్న డబ్బా కనిపెడుతుందట. పల్లంగా ఉన్న పక్క కాలును నూనె బలంతో కిందికి తోస్తుందట. నాలుగూ నేలను తన్నిపట్టాక, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి తనే ఆగిపోతుందట.

మోటారు ఆగింది. పచ్చ దీపం వెలిగింది. కనుకయ్య నేల మీద రసమట్టం పెట్టాడు. బుడగ రెండు గీతల నడుమ నిలిచింది.

"చూడు. ఇంతకన్న సాపు నేల భివండీ మొత్తంల దొరకది."

కళ చూసింది. మంచం అంచు వదల్లేదు.

"తలుపు దిక్కు ఒరిగింది" అంది.

అతను కాళ్లు పైకి తీసి, వాటి కింద చెక్క పలకలు మార్చి, మళ్లీ బటన్ నొక్కాడు. ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ పచ్చ దీపమే. ప్రతిసారీ బుడగ నడుమనే. ప్రతిసారీ కళ, టైమెంతయిందో చెప్పినట్టు, అదే మాట చెప్పింది.

కనుకయ్యకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఏడు నెలలుగా అతనికీ ఏదీ రావడం లేదు.

నాలుగోసారి ఆ బటన్ జోలికి పోలేదు. కాళ్లను దేనికది ఆడించే స్విచ్చుల ముందు కూర్చున్నాడు.

"మిషన్ సంగతి ఇడిసిపెట్టు. నువ్వు పండుకుని చెప్పు. నువ్వు ఆపుమన్న కాడ ఆపుత."

కళ పడుకుంది. అతను తలుపు వైపు కాళ్లను కిందికి తోస్తూ ఆ పక్కను పైకి లేపడం మొదలుపెట్టాడు. పచ్చ దీపం పోయి ఎర్రది వెలిగింది. మిషన్ కీచుమంటూ హెచ్చరించింది. ఆ మోత ఆపేశాడు. పొయ్యి గట్టు మీది గరిటె జారి తలుపుకు ఎదురుగా ఉన్న కిటికీ వైపు పడింది. ఇంకా లేపితే బండికి దెబ్బ తగలొచ్చు. అతని పని పోవచ్చు.

"ఇంకొంచెం" అంది కళ.

లేపాడు.

"ఇంకొక్క వేలంత."

లేపాడు.

"ఇగ ఆపు. ఇప్పుడు సాపుగైంది."

ఆమె చెయ్యి మంచం అంచును వదిలింది. పక్కకు తిరిగి, సగం మంచం ఖాళీగా వదిలి, ఆ ఖాళీ మీద చెయ్యి చాపింది. కాసేపటికి ఊపిరి బరువెక్కింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

కనుకయ్య తలుపు మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ గోదాము రేకుల మీది నుంచి దిగిపోయింది. భూషణ్ సేఠ్ స్కూటర్ మీద వచ్చాడు. వంకరగా నిలబడ్డ బండిని చూశాడు. తలుపులోంచి మంచం వైపు చూశాడు. అవతలికి పోయి గిరాకీకి ఫోన్ చేసి, బుధవారం రమ్మని చెప్పి, స్కూటర్‌ను స్టార్ట్ చేయకుండా గేటు దాకా నెట్టుకుంటూ వెళ్లాడు.

కనుకయ్య లోపలికొచ్చి రసమట్టం మళ్లీ నేల మీద పెట్టాడు. బుడగ తలుపు వైపు కొసకు పోయి అతుక్కుంది. వాలు ఎంతుందో కొలిచే పని అతనికి లేకపోయింది.

మొన్నటి వానాకాలంలో పదకొండేళ్ల కూతురు కోమల్‌ను లోపలే ఉంచుకుని కూలిపోయిన నార్పోలి బిల్డింగులో, వాళ్ల ఖోలీ నేల కిటికీ వైపు సరిగ్గా ఇంతే వాలి ఉండేది.