వేలిముద్ర లేని వాంగ్మూలం

దానమ్మ వీధి తలుపు దాటి పదకొండు రోజులైంది.

నంద్యాలలో అన్న ఆనందరావు ఇంట్లో దాక్కుంది. బయట సైకిలు ఆగినా, ఎవరైనా గట్టిగా దగ్గినా వంటింట్లోకి పరుగెత్తేది.

చూడకూడనిది చూసింది పాపం. మూణ్ణెల్ల కిందట, ఆళ్లగడ్డ అవతల తమ ఊళ్లో వేరుశనగ చేలో ఒంటరిగా కలుపు తీస్తుంటే, గట్టు మీద సుబ్బరాయుడు ఒక మనిషిని వేటకొడవలితో నరికాడు. ఆ సుబ్బరాయుడు ఇప్పుడు బెయిలు మీద ఊళ్లోనే తిరుగుతున్నాడు.

నరికిన మర్నాడే ఎస్సై వాళ్ల ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. దానమ్మ అంతా చెప్పింది. మొగుడు దేవరాజు పక్కనే నిలబడ్డాడు. తన పేరు బయటికొస్తే బతకనివ్వరని ఆమె ఎస్సై కాళ్లు పట్టుకుంది.

“నీ పేరు కాగితంలోకి రానివ్వనమ్మా. ఆడమనిషిని కోర్టు మెట్లెక్కిస్తానా?” అన్నాడాయన.

వేలిముద్ర కూడా అడగలేదు. ఆ ఊళ్లో వేలిముద్ర పడని కాగితం కాగితమే కాదు. అందుకే మొగుడూ పెళ్లాం నిబ్బరంగా ఉన్నారు.

ఆ నిబ్బరం కాస్తా ఆనందరావు పోగొట్టాడు. అతను నంద్యాలలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద అసలు వేలిముద్ర వేయించరట. కేసు కోర్టుకెక్కాక, ఎవరు ఏం చెప్పారో ఆ నకళ్లన్నీ ముద్దాయి చేతికి ఉచితంగా ఇవ్వాలట. డెబ్బై నాలుగులో కొత్త చట్టం వచ్చినా ఆ పద్ధతి మారలేదట. తన మీద ఏం రాశారో తెలుసుకోవడం ముద్దాయి హక్కట. నరికినవాడికి హక్కేమిటో దానమ్మకు ఎంతకీ అర్థం కాలేదు.

దేవరాజు ఆ పూటే ఆమెను తెచ్చి ఇక్కడ దించాడు. తను మాత్రం ఊరికీ నంద్యాలకూ తిరుగుతూనే ఉన్నాడు. జాగ్రత్తగా ఉండమంటే నవ్వేవాడు.

“నాతో వానికేం పని? చూసింది నువ్వు. ఆ పొద్దు నేను బేతంచెర్లలో బండలు ఎత్తుతాండా.”

నిజమే కదా, తన మూలంగా ఆయనకేం కాదు అనుకుంది. ఆ ఒక్కటే ఆమెకు మిగిలిన ధైర్యం.

నకళ్లు ఇచ్చే రోజు రానే వచ్చింది. చేను పీకడానికొచ్చింది, కూలోళ్లను మాట్లాడుకోమని పొద్దున్నే ఆమే దేవరాజును తరిమినట్టు పంపించింది. తలుపు గడియ పెట్టి, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చదవడం రాదు. ఊరికే పట్టుకుంది.

మధ్యాహ్నం ఆనందరావు పరుగున వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. సుబ్బరాయుడి వకీలు గుమాస్తా దగ్గర నకళ్లు చదివానన్నాడు.

“నా పేరుందా అన్నా?”

“లేదు. యాడా లేదు.”

దానమ్మ ఏడ్చేసింది. ప్రభువా అంటూ మోకాళ్ల మీద పడింది. లేచి వీధి తలుపు బార్లా తెరిచింది. ఎండ మొహాన పడితే పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఇన్నాళ్లూ ఎస్సైని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఆనందరావు మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

“బావ యాడ?” అన్నాడు.

“ఇంగ యాడ? ఎనిమిది గంటల బస్సుకు ఊరికి పంపిస్తి.”

ఆనందరావు గుమ్మంలోనే కూలబడ్డాడు.

ఎస్సై మాట తప్పలేదు. ఆడమనిషి పేరు రానివ్వకుండా, దానమ్మ చూసిందంతా ఆమె చెప్పిన మాటల్లోనే దేవరాజు చూసినట్టు రాశాడు.