ఎడమవైపు సగం

"కారు తాళాలు నువ్వే ఎక్కడో పడేశావు. నూటికి డెబ్భై పాళ్లు నువ్వే!" డ్యూటీకి ఆలస్యమైన అమ్మ సోఫా దిండ్లు విసిరేస్తోంది. "నాన్న మీదా అంతే అనుమానం. ఆయనకీ డెబ్భై!"

కూతురు క్వాంటమ్ లెక్కలోంచి తలెత్తలేదు. "నూట నలభై అయిందమ్మా. తాళాలైనా, నా లెక్కలో కణమైనా ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కాబట్టి అన్నిచోట్లా అవకాశాలు కలిపితే నూరే రావాలి. పైగా నువ్వు ఒకరిని వదిలేశావు."

"ఎవర్ని?"

"నిన్ను."

అమ్మ కోటు జేబు తడుముకుంది. తాళాలు గలగలమన్నాయి.

"మహా చెప్పొచ్చావులే. మరి నీ లెక్క తేలిందా?"

"పొద్దుట్నుంచీ కుస్తీ పడుతున్నా. పుస్తకంలో జవాబు '1' అని ఉంది, నాకేమో రూట్ టూ వస్తోంది."

అమ్మ నోట్‌బుక్‌లోకి వంగి, గ్రాఫు మీద వేలు పెట్టింది.

"ఈ కొండ రెండువైపులా దిగింది కదా. నువ్వు కుడివైపే వెతికావేం?"

కూతురు రబ్బరు అందుకుంది.